ఒక్క డేటా, అరవై నాలుగు దీపాలు

మార్కెట్ తెరవడానికి ఇంకా పదకొండు నిమిషాలు. డేటా సెంటర్ మెట్ల మీద కూర్చుని ఆ వీడియోను నాలుగోసారి చూసిన తీగల మామకు తన పొరపాటు తెలిసొచ్చింది.

ఆన్‌లైన్ ఇన్వెస్టర్ల గ్రూపులో అతని పేరు అది. చేసే పని సర్వర్లకు కేబుళ్లు కలపడం. ఒక చిప్ కంపెనీ తన కొత్త నెట్‌వర్కింగ్ చిప్‌తో, కేబుళ్లు గుచ్చే అరవై నాలుగు పోర్టుల్లోనూ నిండు వేగంతో డేటా పరిగెత్తించి చూపిన వీడియో అది. వరసగా వెలిగిన పచ్చదీపాలు చూసి మురిసిపోయి, నిన్న గ్రూపులో "కళ్లు మూసుకుని కొనండి" అని రాసేశాడు. ఆ మాట పట్టుకునే వాళ్లక్క, తన కుట్టుమిషన్ల కొట్టు అమ్మగా వచ్చిన డబ్బంతా ఈ ఉదయం ఆ షేర్లలో పెట్టబోతోంది.

దీపాలు వదిలేసి కేబుళ్లు చూసింది ఇవాళే. ఒక పోర్టు నుంచి పక్కదానికి, అక్కడి నుంచి ఆ పక్కదానికి, అన్నీ పొట్టి కేబుళ్లు. ఒకే డేటా పోర్టులన్నీ చుట్టి వస్తోంది! కేబుళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి తను రోజూ చేసే పరీక్షే. నాలుగు వైపుల నుంచీ ఒక్కసారిగా డేటా వచ్చిపడితే చిప్ తట్టుకుంటుందా అన్నది అందులో తేలదు.

"నిన్న తొందరపడ్డాను. ఆ వీడియోతో ఏమీ రుజువు కాలేదు. ఆగండి" అని రాశాడు.

క్షణంలో మీద పడ్డారు.

"ఎవడ్రా నువ్వు? మా మామ ఇలా రాయడు!"

"ఖాతా హ్యాక్ అయింది. అడ్మిన్, తాళం వెయ్!"

మార్కెట్ తెరిచే ముందు మాట మార్చిన ఖాతాకు తాళం వేయడం గ్రూపు నియమం. పట్టుబట్టి దాన్ని పెట్టించింది మామే. రాసింది కాస్తా మాయమైంది.

ఆరు నిమిషాలు. అక్క ఫోను బిజీ. మళ్లీ బిజీ. నాలుగోసారికి ఎత్తింది.

"కంగారుపడకురా. నీ పేరుతో ఎవడో దొంగ వెధవ రాశాడు. అడ్మిన్‌తో మాట్లాడి నేనే తీయించా."

"అక్కా, ఆ దొంగ వెధవని నేనే!"

"ఇప్పుడు గొంతులు కూడా మిషన్లతో చేస్తున్నారట. నా తమ్ముడివే అయితే, చిన్నప్పుడు నా కత్తెరతో ఏం కోశావో చెప్పు."

"నాన్న పెళ్లికోటు. పారాచూట్ కోసం. నువ్వే కోశావని చెప్పి నీకు తన్నులు తినిపించా."

"ఇన్నాళ్లకి ఒప్పుకున్నావురా సచ్చినోడా! మరి నిన్న రాసింది ఎవరు?"

"అదీ నేనే. దీపాలు చూశాను, కేబుళ్లు చూడలేదు."

"సరే, కొనను. తేడా వస్తే మాత్రం ఈసారి తన్నులు నీకే."

మార్కెట్ తెరుచుకుంది. షేరు నాలుగు శాతం ఎగిరింది. ఆరు. తొమ్మిది. గ్రూపు నిండా బాణాసంచా బొమ్మలు. తాళం పడిన మామకు చూడటమే తప్ప రాసే వీల్లేదు.

ఫోను మోగింది. అక్క.

అతను ఎత్తలేదు. వీడియో మళ్లీ తెరిచి, మొదటి పోర్టు నుంచి చివరిదాకా కేబుళ్ల మీద వేలు జరుపుకుంటూ వెళ్లాడు. అదే చుట్టు. సందేహం లేదు.

ఫోను మళ్లీ మోగింది.

"కొనకు" అన్నాడు, హలో కూడా అనకుండా.