నరంలో బువ్వ

అద్దం అవతల నర్సు వచ్చి, పసిగుడ్డు నరంలోకి ఎక్కుతున్న పాలరంగు సంచిని విప్పేసి, దాని చోట వట్టి గ్లూకోజు నీళ్ళు తగిలించింది. ఇవతల నిలబడ్డ తానుబాయి కళ్ళారా చూసింది. కోడలు శేవంతా చెరుకు మోపు ఎత్తుతూ ఏడో నెలలోనే కన్న పిల్ల అది. దాని పేగులకు ఇంకా పాలు అరిగించుకునే శక్తి రాలేదు. బువ్వ నరంలో నుంచే వెళ్ళాలి.

"ఎందుకు తీశారు సాహేబూ?"

డాక్టరు నడుస్తూనే అన్నాడు. "సరుకు లేదు. అయినా తప్పు నీదే ముసలీ. దాని నాలుక మీద బెల్లం నీళ్ళు రాసింది నువ్వు కాదూ?"

రాసిన మాట నిజమే. పుట్టిన బిడ్డకు తీపి నాకించడం వాళ్ళ ఆచారం. తన చేత్తో తానే మనవరాలిని చంపుకుంటున్నానని మెట్ల మీద కూలబడి తల బాదుకుంది. ఆ నర్సే వచ్చి పక్కన కూర్చుంది.

"అలా రాయకూడదవ్వా, నిజమే. కానీ సంచి తీసింది దానికి కాదు. నిన్ననే బోలెడు సంచులు వచ్చాయి. పైవార్డులోని డబ్బున్నోళ్ళ పిల్లలకే అట్టిపెట్టమని ఛైర్మన్ మనిషి చెప్పిపోయాడు. ఇక్కడున్న నలుగురూ మీ కూలోళ్ళ పిల్లలే. నలుగురికీ ఆపించారు."

ఛైర్మన్ అంటే ఎవరనుకున్నారు? ఊళ్ళో చక్కెర మిల్లూ అతనిదే, ఈ ఆసుపత్రీ అతని ట్రస్టుదే! తానుబాయి కన్నీళ్ళు అక్కడే ఇంకిపోయాయి. కొంగు బిగించి తోటకు నడిచింది.

కరువు బీడ్ జిల్లా నుంచి తనలాగే వలస వచ్చిన కూలీలు బండ్లకు చెరుకు ఎత్తుతున్నారు. విషయం విని మేస్త్రి భగవాన్‌రావు ఇకిలించాడు.

"పిల్ల పోతే ఇంకోటి పుడుద్ది. చెరుకు ఎండితే తూకం పోద్ది. ఎత్తండెత్తండి! కోడలు రాక నీ కొడుకిది ఇప్పటికే అర కోయితా."

కోయితా అంటే చెరుకు కొట్టే కత్తి. మొగుడూ పెళ్ళామూ కలిస్తే ఒక కోయితా. ఆడది అందులో సగం.

కూలీల్లో ఒకతె, గంగూబాయి, కత్తి నేలకేసి కొట్టింది. "నా బిడ్డ ఈ గట్టు మీదే పుట్టి ఈ గట్టు మీదే పోయింది. ఆ సాయంత్రమే నాతో మోపు ఎత్తించావు గదరా సచ్చినోడా!"

"మేస్త్రి దగ్గర అడ్వాన్సు తిన్నాం గదే..." ఒక మగవాడు నసిగాడు.

"తిన్నది మనం. పస్తు పసోళ్ళకా?" తానుబాయి గొంతు చించుకుంది. "వాడి మిల్లుకు బువ్వ పెట్టేది ఎవరు? మనమే గదా? ఆపుదాం!"

చెరుకు బండ్లు మిల్లు దారి వదిలి ఆసుపత్రి గేటు ముందు ఆగాయి. ఎడ్లను విప్పి గుడిసెలకు తోలేశారు.

మధ్యాహ్నానికి మిల్లు గొట్టంలో పొగ పలచబడింది. ఛైర్మన్ కారు దిగి అరిచాడు. "కొట్టిన చెరుకు ఎండలో పడుంటే రసం చస్తుందని తెలీదా మీకు?"

"తెలుసు. బువ్వ ఆపితే పసిగుడ్డు ఏమవుద్దో నీకు తెలీదా?"

"సరే ముసలీ. నీ మనవరాలికి సంచి పెట్టిస్తా. బండ్లు తీయించు."

ఊ అంటే చాలు, పిల్ల బతుకుతుంది. తానుబాయి కిటికీలో ఉన్న శేవంతా వైపు చూసింది. ఆ పచ్చి బాలింతరాలు ఊచలు పట్టుకుని ముందుకు వంగింది.

"పక్క తొట్లోవాడూ నోరు తెరిచి వెతుక్కుంటున్నాడత్తా... నలుగురికీ పెట్టమను."

"విన్నావా?" అంది తానుబాయి. "నలుగురికీ!"

పోలీసులు వచ్చారు. బండ్లను నెట్టారు, కదల్లేదు. మనుషుల మీద లాఠీలు ఆడించారు. గంగూబాయి తల పగిలింది. అయినా ఎడ్లు తేవడానికి ఒక్కరూ లేవలేదు. గొట్టంలో పొగ పూర్తిగా ఆగిపోయాక ఛైర్మన్ డాక్టరు వైపు చూసి తల ఊపాడు.

"అత్తా, తగిలించారు! నాలుగూ!" శేవంతా కేక గేటు దాటి వినిపించింది.

తానుబాయి ఏడ్చింది. పోలీసులు ఆమెను వ్యానెక్కించబోతే ఆడవాళ్ళు చాలామంది ఎగబడి ఎక్కారు. ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "ఎంతమందే మీరు?"

"మిల్లులో మేం సగం మనుషులం. నీ జైల్లోనైనా నిండుగా లెక్కేసుకో," అంది తానుబాయి.

వ్యాను కదిలాక ఛైర్మన్ మిగిలిన వాళ్ళను చూసి చేతులు దులుపుకున్నాడు. "అయిపోయిందిగా? ఎడ్లను కట్టండి."

గంగూబాయి తలకు గుడ్డ చుట్టుకుని బండి చక్రానికి ఆనుకుని కూర్చుంది.

"ఆ సంచులు ఈ పూటకి. రేపటివి ఎక్కడ?"