పైనుంచి కనబడే కల్లం

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఊళ్ళో చెప్పుకోవడం కష్టం. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, ఏసీ సరిగ్గా పనిచేయని గదిలో కూర్చుని, ఆకాశం నుంచి తీసిన ఫోటోలు చూస్తాను. ఎక్కడెక్కడి ఆయిల్ రిఫైనరీల ఫోటోలో అవి. విమానం నుంచి తీసినవి కొన్ని, ఉపగ్రహం తీసినవి కొన్ని. కొత్తగా ఏం కట్టారు, ఎటువైపు పెరుగుతున్నారు అని రాసి పంపితే మొహం కూడా చూపించని కంపెనీలు మా ఆఫీసుకు డబ్బు కడతాయి. "అంటే కూర్చుని బొమ్మలు చూత్తావన్నమాట" అంటాడు మా పానకాలు బాబాయి. ఆ మాటకు నాకు కోపం రాదు. నిజానికి అంతే.

అయితే ఆ బొమ్మలు చదవడం నాకు బాగా వచ్చు. పెద్ద ట్యాంకుల పైకప్పు లోపలి నూనె మీద తేలుతూ ఉంటుంది. దాని మీద పడ్డ నీడను బట్టి ట్యాంకు నిండుగా ఉందో వట్టిపోయిందో చెప్పేస్తాను. మిగులు గ్యాసును మండించే పొడుగాటి గొట్టం రెండోది లేచిందంటే లోపల కొత్త యూనిట్ పెట్టినట్టే. మట్టికట్టలు పోసి నేలను గళ్ళుగా విడదీశారంటే అక్కడ ట్యాంకులు రాబోతున్నాయి. రిఫైనరీ ఎంత పెద్దదైనా తన మనసులో మాట దాచుకోలేదు. దాచడం అందులోని పెద్దమనుషులకే చేతనవును.

దర్శి వైపు మా ఊరి పక్కన ఒక రిఫైనరీ ఉంది. మా ఆఫీసు చూసే వాటిలో అదీ ఒకటి. దాని గోడకు అవతల మా ఊరుమ్మడి కల్లం. మిరప తోటలున్న ఇళ్ళన్నీ తాతల నాటి నుంచి కాయ కోసి తెచ్చి అక్కడే ఎండబోసుకునేవి. కాగితాల్లో అది పోరంబోకు, ఎవరి పేరునా లేదు. పోయిన ఏడు కంపెనీ ఆ నేల ఖాళీగా, ఎవరికీ పనికిరాకుండా పడి ఉందనీ, తమకు ఇప్పించమనీ అర్జీ పెట్టింది. విచారణకు రమ్మని ఊరికి కబురొచ్చింది. ఆ సాయంత్రమే బాబాయి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నువ్వు చూసే ఆ బొమ్మల్లో మన కల్లం పడుద్దా?"

"పడుద్ది బాబాయ్."

"అయితే పట్టుకురా. కల్లం పోతే కాయ ఎక్కడ పోసుకోవాల? నెత్తి మీదా?"

ఆఫీసు ఫోటోలు బయటివాళ్ళకు చూపించకూడదు. అయినా ప్లాంటు పుట్టినప్పటి నుంచీ ఉన్నవన్నీ తీసి వరసగా పెట్టుకున్నాను. మొదటి చూపులోనే ఒకటి కంటబడింది. పైపులను మోసుకెళ్ళే ఇనుప వంతెన తొలి ఏడాదే ట్యాంకులన్నీ దాటుకుని గోడ దాకా వచ్చి ఆగిపోయింది. గోడ దగ్గర దానికి పనేమీ లేదు. ట్యాంకు లేదు, యూనిట్ లేదు. అంత ఇనుము పోసి కట్టినదాన్ని ఎవడూ ఊరికే గోడకు ఆనించి వదిలెయ్యడు. ఏదో ఒకనాడు గోడ దాటించాలని ఉంటేనే వదిలేస్తాడు. గోడ అవతల ఉన్నది మా కల్లం. ప్లాంటు కట్టేముందు, గోడ దాటి జానెడు నేల కూడా అడగబోమని ఊరిని కూర్చోబెట్టి మాటిచ్చిన రోజునే వీళ్ళు కల్లం మీద కన్నేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఫోటోల్లో ఎర్ర గళ్ళు కూడా కనబడ్డాయి. ఎండబోసిన మిరపకాయలు. మొదటి ఏళ్ళలో కల్లం నిండా ఉన్నాయి, తర్వాత గోడ లోపల, గేటు పక్కనే ఉన్న కంపెనీ బయటి ఆవరణలోకి మారాయి. ఈ సంగతి నాకు తెలిసిందే. ప్లాంటు కట్టేటప్పుడు సామాను దించుకోవడానికి అక్కడ పెద్ద సిమెంటు నేల పోశారు. పని అయ్యాక అది ఉత్తగా పడి ఉంటే, కాయలు తెచ్చి ఎండబోసుకోండి, పైసా ఇవ్వక్కర్లేదు అని కంపెనీవాళ్ళే పిలిచారు. అక్కడ దుమ్ము అంటదు, రాయి కలవదు, గొడ్లు రావు. గుంటూరు మిర్చి యార్డులో మా ఊరి కాయకు మంచి పేరొచ్చింది. కంపెనీ అంత మంచిది ఇంకోటి లేదని ఊరంతా మురిసిపోయింది. పైనుంచి ఆ ఎరుపు చూసి నేనూ ముచ్చటపడ్డాను. మనవాళ్ళ కాయలు కదా అనుకున్నాను.

విచారణ మండలాఫీసు హాల్లో జరిగింది. ఫోటోలు గోడకు అంటించి అధికారికి ఒక్కొక్కటే వివరించాను. వంతెన ఎప్పుడు వచ్చిందో, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి దగ్గరకొచ్చి చూశాడు. వెనకనుంచి మావాళ్ళు చప్పట్లు కొట్టారు. "సూశారా అండీ, మా పిల్ల!" అని బాబాయి పక్కనున్న వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు.

అప్పుడు కంపెనీ తరఫున వచ్చిన కరుణాకర్ లేచాడు. నెమ్మదైన మనిషి, మాటకు ముందు నవ్వుతాడు.

"చాలా బాగా చెప్పారండీ. మా ఇంజనీర్లయినా ఇంత వివరంగా చెప్పలేరు. ఒక్క సందేహం. ఈ ఎర్రగా కనబడేవి ఏమిటండీ?"

ఆ క్షణాన అర్థమైంది నాకు. ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటుండగానే బాబాయి లేచి నిలబడ్డాడు.

"మా కాయలండీ అయ్యి! మీ సిమెంటు మీద ఎండినయ్యే. ఒక్క తాలుకాయ చూపించమనండి ఎవుర్నైనా!"

"మరి కల్లంలో పోయట్లేదా, పెద్దాయనా?"

"కల్లంలో ఎందుకండీ, ఆ దుమ్ములో? మీరు పిలిచిన కాడ్నుంచీ ఒక్కడన్నా అటు పోయాడేమో అడగండి. సర్కారు తుమ్మ మొలిచిందక్కడ."

బాబాయి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. కరుణాకర్ నా ఫోటోల మీద చెయ్యి పెట్టాడు.

"ఇవి మేం తెచ్చినవి కావు సార్. ఊరివాళ్ళే తెచ్చినవి. చూడండి, ఏటికేడు కల్లం ఎలా ఖాళీ అవుతూ వచ్చిందో."

అధికారి నా వైపు తిరిగాడు. "వంతెన ఎందుకు కట్టారన్నది మీ ఊహమ్మా. కల్లం వాడకపోవడం మాత్రం కంటికి కనబడుతోంది."

బయటికొచ్చాక ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. బస్టాండు దాకా బాబాయి తలవంచుకుని నడిచాడు.

"నేను అబద్ధమేం చెప్పలేదుగా అమ్మాయ్?"

"లేదు బాబాయ్."

"మరి ఆళ్ళే పిలిచారుగా. పిలిచిందీ ఆళ్ళే, ఖాళీ చేశారన్నదీ ఆళ్ళే!"

పిలిచిన రోజే ఈ రోజు కోసం పిలిచారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైనుంచి అన్నీ చదవగలనని మిడిసిపడ్డ దాన్ని, కంపెనీవాళ్ళ మర్యాదను మాత్రం మర్యాదగానే చదువుకున్నాను.

ఈ ఏడు కాయ కోతలు మొదలయ్యాక మా ఊరి కొత్త ఫోటో ఆఫీసుకొచ్చింది. కల్లం మీద మట్టికట్టల గళ్ళు పడ్డాయి. గళ్ళలో గుండ్రటి పునాదులు. ఇనుప వంతెన గోడ దాటింది. బయటి ఆవరణలో సిమెంటు నేల తెల్లగా, ఖాళీగా ఉంది. ట్యాంకులొచ్చే చోట భద్రత కోసం ఇక కాయలు పోయనివ్వబోమని గేటుకు తాళం వేశారు. ముందు రోజే బాబాయి ఫోన్‌లో చెప్పాడు, కంపెనీ లారీలు కాయల మీదుగా పోతున్నాయని.

పక్క సీటులోంచి మా టీమ్ హెడ్ శివనాగరాజు తెర మీద వేలు పెట్టాడు.

"సౌజన్యా, ప్లాంటు బయట రోడ్డు పొడుగునా ఈ ఎర్ర గీత ఏంటి? క్లయింట్ అడుగుతున్నాడు. కొత్త పైప్‌లైన్ గానీ వేస్తున్నారా?"

పెద్దది చేసి చూశాను. చూడనక్కర్లేదు, అయినా చూశాను. తారు అంచున సన్నగా, మధ్యమధ్య లారీ చక్రాలకు చెదిరిపోతూ, మా ఊరు దాకా ఉంది.

"కాదండీ. మిరపకాయలు."

"ఓ, అంతేనా. రిపోర్టులో ఏం రాద్దాం మరి?"

"రిఫైనరీకి సంబంధం లేనివి అని రాయండి" అన్నాను.

ఆయన అలాగే రాశాడు.