గాలపు కర్ర మీద చిలక

కోవిల్‌పట్టిలో మోటార్లకు రాగితీగ చుట్టే పని మానేసి గాలపు కర్రలకు దారం చుట్టే పనిలో దిగినవాడు కణ్ణన్ ఒక్కడే. తీగైనా దారమైనా అతని పద్ధతి మారలేదు. కర్ర మీద గాలపు లైను దూరే ఉక్కు రింగు పెట్టి, దాని కాళ్ళ మీదుగా నల్లదారాన్ని పోగు పక్కన పోగు ఆనేలా బిగించి చుట్టేవాడు. పైన జిగురు పూత పూసి, పాత టేబుల్ ఫ్యాను మోటారుకు తగిలించి, పూత ఒక పక్కకు జారకుండా ఆరేదాకా కర్రను మెల్లగా తిరగనిచ్చేవాడు. రింగు కదలకూడదు, లైను సాఫీగా పోవాలి. ఇంకేమీ అక్కర్లేదు అనేవాడు.

అతని భార్య కార్తిక మనసంతా ఆ 'ఇంకేమీ' మీదే ఉండేది. పెళ్ళికి ముందు జాకెట్లకు అంచులు కుట్టిన చెయ్యి అది. కొట్లో వరసగా నిలబెట్టిన నల్లకర్రలను చూస్తే ఆమెకు ఎవరింట్లోనో కర్మకు వచ్చి మొహాలు మాడ్చుకుని నిలబడ్డ బంధువులు గుర్తొచ్చేవాళ్ళు. మొగుడు మిగిల్చిన కర్రముక్కల మీద ఎరుపు, పసుపు, నీలం పోగులను ఏటవాలుగా దాటిస్తూ వజ్రాల గళ్ళు అల్లేది. కణ్ణన్ చూసి, "బాగుండాది. చేపకు చూపించు, మెచ్చుకుంటాది" అనేవాడు.

అలాంటి రోజుల్లోనే విరుదునగర్ నుంచి గురువమ్మాళ్ ఫోన్ చేసింది. రైల్వే జంక్షన్‌లో టిక్కెట్ కౌంటర్ దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆదివారమొస్తే చాలు, ఊరి బయట కన్మాయి గట్టు మీద గాలం వేసుకుని కూర్చుంటుంది. అక్కడ చెరువును అంతా కన్మాయి అనే అంటారు.

"నాకు మీ నల్లకర్ర వద్దు నాయనా" అంది ఫోన్‌లో. "కౌంటర్లో కూసోని ఇన్నేండ్లు ఒకే గోడ చూసినా. చేతిలో పట్టుకుంటే కంటికి సంతోసంగా ఉండాల. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళమ్మ చేతిలో చిలక ఉండాదే, అట్లాంటి చిలక పెట్టియ్యి."

కణ్ణన్ తలకొట్టుకుని రింగుల పని ముగించి కర్రను కార్తిక చేతికిచ్చాడు. "పిడి పైన జానెడు చోటు. అంతే. దాని పైకి పోవద్దు" అని చెప్పి, కొత్త కర్రలు కొనడానికి తూత్తుక్కుడి వెళ్ళాడు.

చిలక జానెడులోనే ఒదిగింది. పచ్చటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, కర్రను తిప్పితే రెక్క విప్పినట్టుండేది. కార్తిక దాన్ని చూసి తనే మురిసిపోయింది. చిలక ఉత్తగాల్లో ఎట్లా కూర్చుంటుంది, కింద కొమ్మ ఉండాలి కదా అనిపించింది. కొమ్మ వేశాక ఆకులు కావాలనిపించింది. ఆకులొచ్చాక పైన ఖాళీ బోసిగా కనిపించింది. కణ్ణన్ తిరిగి వచ్చేసరికి పిడి నుంచి కొసదాకా, రింగుకీ రింగుకీ మధ్య, పట్టుచీర అంచులు పట్టీలు పట్టీలుగా మెరుస్తున్నాయి. వాటన్నిటి మీదా జిగురు పూత పడి ఆరిపోయింది.

కణ్ణన్ కర్ర కొసను నేలకు ఆనించి వంచాడు. అది వంగనని మొరాయించింది.

"ఏం చేసినావు పిల్లా! ఇంత దారం, ఇంత పూత, కొస బరువైపోయినాది. చేప కొరికినా చేతికి తెలీదు."

"చేపకు తెలుసు కదా మామా, సాలదా?"

"గీకి మళ్ళీ చేస్తా ఉండు."

"ముట్టుకుంటే చూడు! అది అడిగినామె చేతికి నేనే పోయి ఇచ్చొస్తా."

"పోయిరా. నేను రాను. అక్కడ నిన్ను చూసి నవ్వేవాళ్ళలో నేను ఉండకూడదు."

ఆదివారం పొద్దున కార్తిక కర్రను పాత చీరలో చుట్టుకుని విరుదునగర్ బస్సెక్కింది. గురువమ్మాళ్ గట్టు మీద వేపచెట్టు కింద మడతకుర్చీ వేసుకుని, పక్కన కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని ఎదురుచూస్తోంది. చీర విప్పగానే రెండు చేతులూ చెంపలకు చేర్చుకుంది.

"రొంబ అందంగా ఉండాదమ్మా! దీన్ని నీళ్ళలో పెట్టేదా, పెండ్లికి కట్టుకుని పోయేదా?"

కార్తిక ఒళ్ళు గాల్లో తేలింది. పక్కనే గాలాలు వేసి కూర్చున్న మారిసెల్వం, కరుప్పయ్య కూడా లేచొచ్చి చిలకను చూసి వెళ్ళారు. వాళ్ళిద్దరి చేతుల్లో ఉన్నవి కణ్ణన్ చేసిన నల్లకర్రలే.

గురువమ్మాళ్ ఎర గుచ్చి గాలం విసిరింది. చూస్తూ కూర్చున్నారు. మారిసెల్వంకు ఒక జిలేబీ చేప పడింది. కరుప్పయ్యకు ఇంకొకటి. గురువమ్మాళ్ లాగి చూస్తే కొక్కెం బోసిగా వచ్చింది. మళ్ళీ ఎర గుచ్చింది, మళ్ళీ బోసి కొక్కెమే. చేపలు నింపాదిగా తినిపోతున్నాయి, కర్ర కొస మాత్రం ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడింది.

"చిలక చూస్తానే ఉండాది, ఒక మాటైనా చెప్పదే!" అంది గురువమ్మాళ్. కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. అందుకే కార్తికకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

కార్తిక కర్ర తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, చేతిసంచిలోంచి కుట్టు విప్పే బ్లేడు తీసింది. పూత గట్టిపడి రాయిలా ఉంది. ఫ్లాస్కు మూత తీసి, పొగలు కక్కే కాఫీలో చేతిగుడ్డ ముంచి, కొస మీద పట్టీకి చుట్టింది.

"అయ్యో, నా కాప్పీ!" అని గురువమ్మాళ్ కుర్చీలోంచి లేచింది.

సరిగ్గా అప్పుడే కణ్ణన్ ఫోన్ చేశాడు. "ఏమయ్యింది?"

"రొంబ బాగా పడతా ఉండాయి మామా" అంది కార్తిక.

గురువమ్మాళ్ ఫోన్ లాక్కుంది. "ఒక్కటీ పడలే నాయనా. నీ పెండ్లాం కర్రకు కాప్పీ తాపిస్తా ఉండాది."

కార్తిక కళ్ళు మూసుకుంది. ఇక ఈ మాట ఏడాది పొడుగునా వినాలి. కానీ ఫోన్ మళ్ళీ చేతికొచ్చాక కణ్ణన్ నవ్వలేదు. "వెచ్చగా ఉన్నప్పుడే పూతను పైపైన చీల్చు. కర్రకు బ్లేడు తగలనీయొద్దు. దారం కొస దొరికితే లాగు, అదే ఊడొస్తాది. రింగుల కాడ నల్లదారం మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు. ఆ పైన, "చిలకను ఉంచు. చిలక తప్పు చేయలే" అన్నాడు.

ఏరి కోరి పేర్చిన రంగులన్నీ ఒక్కొక్కటే ఊడి ఆమె ఒళ్ళో కుప్పపడ్డాయి. ప్రతి పట్టీకీ గుండె చివుక్కుమంది. అయితే పట్టీ పోయిన కొద్దీ కర్ర తేలికపడటం, వేలితో తాకితే కొస వణకడం ఆమెకే తెలిసింది. చివరికి కొమ్మా ఆకులూ పోయి, పిడి పైన చిలక ఒక్కటే మిగిలింది. కాఫీ వాసన మాత్రం కర్రంతా మిగిలింది.

గురువమ్మాళ్ మళ్ళీ విసిరింది. కొస ఒకసారి తలూపింది. ఇంకోసారి ఊపి విల్లులా వంగిపోయింది. "ఓయమ్మా! ఓయమ్మా!" అంటూ ఆమె కుర్చీని తన్నేసి గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తింది, కార్తిక ఆమె నడుం పట్టుకుని నిలబడింది. చివరికి మోచేతి పొడవు కొర్రమీను గడ్డిలో పడి ఎగిరింది.

ఆ సందడికి మారిసెల్వం, కరుప్పయ్య కర్రలు కింద పడేసి పరిగెత్తుకొచ్చారు. చేపను మెచ్చుకుని వెనక్కి వెళ్ళాక అసలు రభస మొదలయింది. రెండూ కణ్ణన్ కర్రలే, రీళ్ళూ ఒకే రకం, దారమూ ఒకే నలుపు. మారిసెల్వం తనదన్న కర్రనే కరుప్పయ్యా తనదన్నాడు, దానికే చేపలు బాగా పడతాయని ఇద్దరికీ నమ్మకం. తమిళంలో మొదలైన వాదన తాతముత్తాతల దాకా పోయింది. చివరికి కణ్ణన్‌కు వీడియో కాల్ చేశారు.

"నా కర్ర ఏది, నువ్వే చెప్పు!" అన్నాడు కరుప్పయ్య, రెండు కర్రలనూ ఫోన్ ముందు ఊపుతూ.

కణ్ణన్ కళ్ళు చిట్లించి చూశాడు. తల పక్కకు వంచి చూశాడు. "రెండూ నేను చుట్టినవే" అన్నాడు.

"అది మాకూ తెలుసులేవయ్యా!"

ఫోన్‌లో కణ్ణన్ మొహం చూసి కార్తిక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గురువమ్మాళ్‌కు అడ్డం పెట్టుకునే ఓపిక లేదు, ఊరంతా వినపడేలా నవ్వింది. తన చిలక కర్రను ఎత్తి పట్టుకుని, "నాది నాకు తెలుసప్పా" అంది.

సాయంత్రం బస్సు దిగేటప్పటికి కార్తిక చేతిలో రెండు నల్లకర్రలున్నాయి. కరుప్పయ్యకు కోడిపుంజు కావాలట. మారిసెల్వంకు జల్లికట్టు ఎద్దు. కణ్ణన్ బస్టాండుకు ఎదురొచ్చి కర్రలు అందుకున్నాడు.

ఇంటికొచ్చాక అతను పిడి పైన జాన వేసి కొలిచి, సుద్దతో గీత గీశాడు. "దీనికి పైన ఒక్క పోగు కూడా వద్దు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా. గీతకు కింద నా ఇష్టం. నువ్వు నోరెత్తకూడదు. ఒప్పుకుంటావా?"

"సరి."

ఆమె తెలుపు, ఎరుపు, నలుపు దారాలు తీసి అల్లిక మొదలుపెట్టింది. కణ్ణన్ పక్కన కూర్చుని కర్రను మెల్లగా తిప్పుతూ ఉన్నాడు. కాళ్ళొచ్చాయి, రొమ్మొచ్చింది, ఎర్రటి జుట్టొచ్చింది. తోక దగ్గరికొచ్చేసరికి చోటు చాలక కార్తిక దాన్ని పొట్టిగా ముగించబోయింది.

కణ్ణన్ గొంతు సవరించుకున్నాడు. "పుంజు అన్నాక తోక ఇంత పొట్టిగా ఉంటే ఎట్లా కార్తికా?" అని, సుద్దగీతను బొటనవేలితో చెరిపి, రెండంగుళాలు పైన కొత్తది గీశాడు.