ముకుందన్నయ్య కుడికాలు

నేల బూడిదరంగులో ఉంది, దాని మీద గళ్ళు గళ్ళుగా గీతలు అంచన్నది లేకుండా ఎటు చూస్తే అటు పోతున్నాయి. నా కంప్యూటర్‌లో బొమ్మలు నిలబడే నేల ఇదేనని నాకు తెలుస్తూనే ఉంది, అయినా కాళ్ళ కింద బందరు ఎండ కాలుతోంది, మోటార్లకి పూసే వార్నిషు వాసన ఎక్కడినుంచో వస్తోంది. ఆ వాసన దగ్గరే మా ముకుందన్నయ్య ఉన్నాడు. పోయి పద్నాలుగేళ్ళయినా నలభై దాటని ముఖంతో, తన మోటారు వైండింగ్ కొట్లోని ఎత్తుపీట మీద కూర్చుని, ఒళ్ళో రాగితీగ చుట్ట పెట్టుకుని, నన్ను కాదు, నా వెనక నడుస్తున్నవాణ్ణి చూస్తున్నాడు.

నా వెనక నడుస్తున్నది నేను చేసిన బొమ్మ. అన్నయ్య మీసం, అన్నయ్య నుదురు, మోచేతుల దాకా మడిచిన అన్నయ్య నీలం చొక్కా. రెండు చేతులూ ఒకే కొలతలో ఊపుకుంటూ, రెండు కాళ్ళూ గీత గీసినట్టు వేసుకుంటూ గళ్ళ మీద వస్తోంది, వెళ్తోంది, దానికి అలుపు లేదు.

"ఎవరే హైమా, ఇతను?" అంటాడు అన్నయ్య.

"నువ్వే."

"నేనా? కర్ర మింగినోడిలా ఉన్నాడే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తాయి. ఇది నీ కూతురి కోసం అన్నయ్యా, అని చెబుతాను. నువ్వు పోయేనాటికి సింధూరకి రెండేళ్ళు, నీ ఫొటోలున్నాయి గానీ నువ్వు కదులుతుండగా తీసింది ఒక్కటీ లేదు, దాని పదహారో పుట్టినరోజున "నాన్న ఎలా నడిచేవాడత్తా" అని అడిగితే నోటితో చెప్పలేకపోయాను, అప్పట్నించి ఆర్నెల్లుగా ఆదివారాలన్నీ బొమ్మల్ని కదిలించే ఈ విద్య నేర్చుకోడానికే పెట్టాను, మొన్న చూపిస్తే నేను నొచ్చుకుంటానేమోనని మెల్లగా, "బాగుందత్తా, కానీ ఇది బొమ్మ" అంది. ఇవన్నీ చెబుతున్నంతలో గళ్ళనేల సన్నబడి నా చిన్నప్పటి బడి వరండా అయిపోతుంది, పీట మాత్రం కదల్లేదు, అన్నయ్యా కదల్లేదు.

"కాళ్ళు ఎట్టా చేశావు?" అంటాడు, పాడైన మోటారు తెచ్చినవాణ్ణి అడిగినట్టు.

"ఎడమకాలు ఒక్కటే చేశాను. దాన్నే అద్దంలో చూపించినట్టు తిప్పి కుడికాలికి అతికించాను. ఒక్క మీట నొక్కితే కంప్యూటరే చేసేస్తుంది."

అన్నయ్య తన కుడికాలి వంక చూసుకుంటాడు. మూడో ఏట పోలియో వచ్చి సన్నబడిపోయిన కాలు. "అయితే దీన్ని తీసేశావన్నమాట."

బాగుచేశాననబోయి, ఆ కాలి వంకే చూస్తాను. అతను కోప్పడడు, రాగితీగ పక్కన పెట్టి లేస్తాడు. లేవడానికి ముందు ఎక్కడికి పోవాలో అక్కడికి చూస్తాడు, తర్వాత మెడ తిరుగుతుంది, తర్వాత ఎడమ భుజం కాస్త పైకి లేస్తుంది, ఆ తర్వాతెప్పుడో కాళ్ళు బయల్దేరతాయి. కుడి అరచేయి మోకాలి పైన తొడ మీద పడుతుంది, దానికి ఊతమిచ్చి ఒళ్ళంతా ఆ పక్కకి వాలుతుంది, వాలగానే ఎడమకాలు గబుక్కున ముందుకొచ్చి అతన్ని పట్టుకుంటుంది. ఇన్నేళ్ళూ నాకు జ్ఞాపకం ఉందనుకున్నదేదీ ఇది కాదు.

"కుడికాలి మీద ఎక్కువసేపు ఉండలేను గదా, అందుకే ఎడమది తొందరపడుద్ది," అంటాడు. "నీ బొమ్మకి చూపూ, చెయ్యీ, కాలూ అన్నీ ఒకేసారి బయల్దేరతన్నాయి, బందు అయిపోయాక డిపోలోంచి బస్సులు వదిలినట్టు. దానికి బరువు లేదు, ఎక్కడ పడిపోద్దోనన్న భయం లేదు. కుర్చీలో కూర్చుని చేస్తే ఎట్టా తెలుస్తదే? లేచి నడువు."

నేనూ తొడ మీద చెయ్యి వేసి వాలతాను, తూలతాను, అతను నవ్వి "ఇంకా" అంటాడు, మళ్ళీ నడుస్తాను. వరండా పొడుగవుతూ పోతుంది, చివర మెట్లు కనిపిస్తాయి, మెట్ల పైన షామియానా, మైకులో ఎవరో పేర్లు చదువుతున్నారు. ఏ రోజో నాకు తెలిసిపోతుంది. ఎనిమిదో తరగతిలో నాకు బొమ్మలపోటీలో మొదటి బహుమతి వచ్చిన రోజు. అమ్మానాన్నలకి కుదరక అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, నా స్నేహితురాళ్ళు చూస్తారని నేను ఈ మెట్ల దగ్గరే ఆపి "నువ్వు పైకి రాకు, ఇక్కడే కూర్చో" అన్నాను.

"అన్నయ్యా, ఆ రోజు..."

"ఊఁ."

"బాధపడ్డావా?"

"పడ్డాను," అంటాడు. దాచుకోకుండా, నిష్ఠూరం లేకుండా. "మైకులో నీ పేరు వినపడింది. చప్పట్లు నేనూ కొట్టాను, కిందనించే. ఇంటికొచ్చేప్పుడు నువ్వు ముందు, నేను వెనక. వీధి మలుపులో ఆగావు."

"నాకు గుర్తులేదు."

"చెప్పులో రాయి పడినట్టు వంగావు. రాయేం లేదు. నేను అందుకున్నాక మళ్ళీ నడిచావు."

క్షమించమని అడగడానికి ఇంత ఆలస్యంగా మాటలెక్కడివి, అందుకని "ఈసారి నువ్వు ముందు నడు" అంటాను. అతను మెట్ల వంక చూస్తాడు, భుజం లేస్తుంది, చెయ్యి తొడ మీద పడుతుంది. ఒక్కో మెట్టుకీ ఆగుతూ ఎక్కుతాడు, అతను ఆగినంతసేపూ నేనూ ఆగుతాను. పైన ఎవరెవరో తిరిగి చూస్తున్నారు, చూడనీ అనుకుంటాను. మైకులో ఈసారి అన్నయ్య పేరు చదువుతున్నట్టుంది, సరిగ్గా వినబడదు, వినడానికి ఇంకో మెట్టు ఎక్కుతాను.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నర. కీబోర్డు పక్కనే తల వాల్చి పడుకున్నాను, మెడ పట్టేసింది. తెరమీద బొమ్మ సగం అడుగులో ఆగి ఉంది. అతికించిన కుడికాలి కదలికంతా ఎంచుకుని చెరిపేస్తాను. కాలు కిందికి జారి వేలాడుతుంది, దాన్ని అలాగే వదిలి, వరండాలో నడిచి చూద్దామని లేచి గుమ్మం దాకా వెళ్తాను.

గడప పక్కన నా చెప్పులున్నాయి, రెండు కాళ్ళూ బాగానే ఉన్న నేను రెండేళ్ళుగా రోజూ వేసుకు తిరుగుతున్నవి. ఎడమదాని మడమ ఒక పక్కకి అరిగి ఒరిగిపోయింది, లోపల అచ్చేసిన కంపెనీ అక్షరాలు చెరిగిపోయాయి. కుడిదాని మీద అక్షరాలన్నీ ఇంకా చదవచ్చు.