బందర్లో చెడ్డేముండాదో చెప్పప్పా

ఆ ఏడు డోన్‌లో వానల్లేవు. అంతకు ముందేడూ లేవు. రైలు నౌకర్ల ఇళ్ల వెనక బావి అడుగంటి, ఆడవాళ్లు తెల్లారకముందే బిందెలు వరస పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ వరసలో చౌడమ్మ బిందె పక్కన ఎప్పుడూ దౌలత్ బీ బిందె ఉండేది. ఇద్దరి మొగుళ్లూ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింటుమన్లే. రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ. చౌడమ్మకు పిల్లల్లేరు. దౌలత్ బీ కూతురు మున్నీ చౌడమ్మ వాకిట్లోనే నడక నేర్చింది.

అట్లాంటి దౌలత్ బీ ఒక పొద్దున బిందె దించుతూనే, "అక్కా, మాకు బదిలీ అయ్యింది. బందరు పక్కన చిలకలపూడంట. ఆడికి సముద్రం శానా దగ్గరంట!" అంది.

చౌడమ్మ చేతిలో చేంతాడు ఆగిపోయింది. బొక్కెనలో పైకొచ్చినవి నాలుగు చెంబుల బురద నీళ్లు. వాటిని గుడ్డలో వడగట్టాలి, తేరిందాకా ఆగాలి, అప్పుడు గాని గొంతు తడవదు. ఈమె మాత్రం కంటికి ఆననంత నీళ్ల దగ్గరికి పోతోంది.

"మంచిదేలే," అంది చౌడమ్మ. గొంతులో ఆ మాట తప్ప ఇంకేదీ మంచిగా లేదు.

ఇంటికి పోయి మొగుణ్ణి నిలదీసింది. "ఆ జాగాకు పోతారా అని రైల్వే దొర మీ ఇద్దర్నీ అడిగినాడంట గదా?"

హనుమన్న బీడీ ముట్టిస్తూ, "అడిగినాడు. నేను పోనన్నా. పత్తికొండ కాడ మా నాయన చేనుండాది, దాన్నెవరు చూస్తారు?" అన్నాడు.

"ఆ చేన్లో రాళ్లు తప్ప ఏముండాదని చూసేది? నన్నొక మాట అడిగింటివా?"

"సముద్రాన్ని ఏం చేసుకుంటావు మే? తాగను పనికిరాదు," అని నవ్వి డ్యూటీకి పోయాడు.

ఆ నవ్వు చౌడమ్మ కడుపులో నిప్పు ఎగదోసింది. గోడ అవతల దౌలత్ బీ పెట్టెలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తే ఈమెకు అన్నం సయించేది కాదు. మున్నీ పరుగెత్తుకొచ్చి, "పెద్దమ్మా, నేను రైలెక్కి పోతా," అంటే, ఎప్పుడూ బెల్లం ముక్క పెట్టే చెయ్యి ఆ పూట ఊరికే ఉండిపోయింది. దౌలత్ బీ కొన్న కొత్త చీర పచ్చదనం కళ్లలో కారం కొట్టినట్టుండేది. ఎట్లాగైనా ఈ ప్రయాణం ఆగిపోవాలి. అంతకంటే వేరే కోరిక లేదు ఆమెకు.

బెజవాడ నుంచి వచ్చే రైలు ఇంజన్లలో బొగ్గు వేసే ఏసేపుది బందరే. బండి దిగి బావి దగ్గర మొహం కడుక్కోవడానికి వచ్చినప్పుడు చౌడమ్మ అతన్ని పట్టుకుంది.

"మీ బందరు ఎట్టుంటాది ఏసేపూ?"

ఏసేపు మొహం వెలిగిపోయింది. "మా ఊరికేమమ్మా! సాయంత్రమైతే చల్లగాలి. చేపలు చూస్తే..."

"మంచి నాకొద్దు. బందర్లో చెడ్డేముండాదో చెప్పప్పా."

ఏసేపు ఆమెను వింతగా చూశాడు. అయినా సొంత ఊరి కష్టాలు చెప్పమంటే ఎవరికైనా నోరు ఆగుతుందా? బండి వచ్చినప్పుడల్లా అతను చెప్పుకొచ్చాడు, చౌడమ్మ మూటగట్టుకొచ్చింది. బావి కాడ ఆ మూట కొంచెం కొంచెం విప్పింది.

"దౌలతూ, ఆడ బావి నీళ్లు ఉప్పంట. పప్పు పొద్దంతా ఉడకబెట్టినా ఉడకదంట. తాగే నీళ్లు కాలవ కాడికి పోయి మోసుకోవాల్నంట."

దౌలత్ బీ కళ్లు పెద్దవయ్యాయి. "అవునా అక్కా?"

మరునాడు ఇనుము గురించి చెప్పింది. ఆ గాలికి కత్తిపీట కూడా తుప్పు తినిపోతుందట. ఇంకోనాడు మిరపకాయలు బూజు పడతాయని, ఉప్పు నీరుగారిపోతుందని, జొన్నపిండి నాలుగు రోజులకే ముక్కిపోతుందని చెప్పింది. చెప్పేటప్పుడు దౌలత్ బీ మొహంలో దిగులు కమ్ముతుంటే, చౌడమ్మకు చాన్నాళ్లకు చల్లటి నీళ్లు తాగినట్టుండేది.

కాని దిగులు పడిన మనిషి ఊరుకోలేదు. ఒకరోజు చౌడమ్మ గోడ మీదుగా తొంగి చూస్తే, దౌలత్ బీ మిరపకాయల్ని రెండోసారి ఎండబెట్టి జాడీల్లో కుక్కి, మూతుల చుట్టూ మైనం పూస్తోంది. కలాయి వేయించిన ఇత్తడి గిన్నెలు తళతళలాడుతున్నాయి. చౌడమ్మను చూడగానే తన ఇనుప పెనం తెచ్చి చేతిలో పెట్టింది.

"ఆడ తుప్పు పట్టిపోతాదంటివి గదా. ఈడైతే నీకైనా పనికొస్తాది. కందిపప్పు గూడ అమ్మేసినా. ఆడ తొందరగా ఉడికే పెసరపప్పు కొనుక్కుంటా. నువ్వు చెప్పకపోతే నేను ఏమైపోదునో! సొంత అక్క గూడ ఇంత చెప్పదు."

చౌడమ్మ ఆ పెనం పట్టుకుని ఇంట్లోకొచ్చి మూలకు విసిరేసింది. తన నోటితో తనే దౌలత్ బీకి దారి బాగు చేసి పెడుతోంది!

ఇక మిగిలింది ఒక్కటే. ఏసేపు దాన్ని గొంతు తగ్గించి చెప్పాడు. వాళ్ల అవ్వ చిన్నప్పుడు సముద్రం ఊరి మీదికి వచ్చిందట. తెల్లారేసరికి వీధులకు వీధులే లేవట. చౌడమ్మ ఆ ఉప్పెన సంగతి దౌలత్ బీకి చెప్పేటప్పుడు, మున్నీని ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది. దౌలత్ బీ చౌడమ్మ ఒళ్లోంచి పిల్లను లాక్కుని, బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయింది.

ఆ సాయంత్రం దౌలత్ బీ మొగుడు మహబూబ్ బాషా వచ్చి హనుమన్న పక్కన కూలబడ్డాడు. "మా ఆడమనిషి రానంటాంది హనుమన్నా. పిల్లను సముద్రానికియ్యనంటాంది. దొర మాట నేనెట్ల కాదంటా? నేనొక్కణ్ణే పోవాల."

తలుపు చాటున నిలబడ్డ చౌడమ్మకు ఒళ్లంతా తేలికైంది. పోదు. దౌలత్ బీ పోదు! ఆ సంతోషంలో హనుమన్నకు అడగకుండానే రెండో ముద్ద సంగటి పెట్టింది.

రెండు రోజులు దౌలత్ బీ బావి కాడికి రాలేదు. మూడోనాడు వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "అక్కా, ఉప్పెన వచ్చేదైతే ఆయనొక్కడే ఉన్నా వస్తాది గదా? అప్పుడాయనకు ఎవరుండారు? నేనూ పోతా. దొరకు చెప్పుకోని ఆడ మిట్ట మీది ఇల్లు అడగమని ఆయనకు చెప్పినా. అందరికంటే ముందు అడిగినాడని ఇస్తామన్నారంట. అదీ నీ పుణ్యమే."

చౌడమ్మ బొక్కెనను విసురుగా బావిలోకి వదిలింది.

బండెక్కే రోజు దౌలత్ బీ ఈమె మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చౌడమ్మకు కన్నీటి చుక్క రాలేదు. పోయేదానికి కన్నీళ్లకు కూడా కరువు లేదు, అనుకుంది కసిగా.

తరువాత గోడ అవతల చప్పుడు లేదు. బావి కాడ చౌడమ్మ బిందె పక్కన ఎవరెవరి బిందెలో వచ్చేవి. ఏసేపు మాత్రం కబుర్లు తెచ్చేవాడు. వానాకాలంలో అక్కడి వరస ఇళ్లలో అందరి మిరపకాయలూ బూజు పడితే దౌలత్ బీవి పడలేదట. గాలివానకు కింది ఇళ్లలోకి నీళ్లొస్తే మిట్ట మీది ఇల్లు చెక్కు చెదరలేదట. "ఇవన్నీ ఎవరు చెప్పారమ్మా అంటే, డోన్‌లో మా అక్క చెప్పిందంటారండీ," అని ఏసేపు నవ్వేవాడు. ఆ రోజుల్లో చౌడమ్మ వంటలో ఉప్పు ఎక్కువయ్యేది.

మరుసటి ఏడు ఊరికే రైలెక్కే పాసు దొరికితే, "పోయి చూసొద్దాం పద," అని చౌడమ్మే హనుమన్నను లేవదీసింది. దౌలత్ బీ అక్కడ కష్టపడుతుంటే ఒక్కసారి కళ్లారా చూడాలని లోలోపలి ఆశ.

దౌలత్ బీ కష్టపడటం లేదు. కొంచెం నల్లబడింది, కొంచెం ఒళ్లు చేసింది. మున్నీ "పెద్దమ్మా!" అని కాళ్లకు చుట్టుకుంది. సాయంత్రం అందరూ ఒంటెద్దు బండి కట్టించుకుని సముద్రానికి పోయారు.

చౌడమ్మ ఇసకలో నిలబడిపోయింది. అన్ని నీళ్లు ఒక్కచోట ఉంటాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అల వచ్చి పాదాలు తడిపింది. వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది. హనుమన్న నవ్వుతుంటే ఈసారి ఆమెకు కోపం రాలేదు. ఇన్నాళ్లూ తనను కాల్చింది ఇదేనా, అని మాత్రం అనిపించింది.

మర్నాడు పొద్దున నిద్ర లేచేసరికి వాకిట్లో మాటలు వినిపించాయి. పక్కింటి నాంచారమ్మ అరుగు మీద కూర్చుని దౌలత్ బీ తలకు నూనె రాస్తోంది. ఇద్దరి పక్కనా కాలవ నుంచి తెచ్చిన బిందెలు. నాంచారమ్మ ఏదో అంది. దౌలత్ బీ పడీ పడీ నవ్వి, "ఊరుకో అక్కా!" అంది.

చౌడమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. రొమ్ములో ఏదో కలుక్కుమంది. బదిలీ అని విన్న పొద్దున కలుక్కుమన్నదీ ఇదే. సముద్రం కాదు, చల్లగాలి కాదు, ఇత్తడి గిన్నెలు కాదు. దౌలత్ బీ బిందె పక్కన ఇక ఇంకొకరి బిందె ఉంటుందనే ఆ బాధ.

నాంచారమ్మ చూసి లేచింది. "మీరేనా అమ్మా చౌడమ్మగారు? మీ చెల్లెలు రోజుకోసారైనా మీ పేరెత్తుతుందండీ."

"నూనె నేను రాస్తాలే. నువ్వు లే తల్లీ," అంది చౌడమ్మ. మాట కటువుగానే వచ్చింది. నాంచారమ్మ చోటిచ్చింది. చౌడమ్మ కూర్చుని, నాంచారమ్మ తీసిన పాయలన్నీ కలిపేసి, మళ్లీ మొదటి నుంచి నూనె రాసి జడ వేసింది. దౌలత్ బీ కళ్లు మూసుకుని వెనక్కి ఒరిగింది. చౌడమ్మకు కన్నీళ్లు ఆగలేదు.

తిరుగు ప్రయాణంలో నంద్యాల దాటాక వేడిగాలి మొదలైంది. కిటికీలోంచి ఎర్రనేల, బండలు. హనుమన్న అడిగాడు. "ఏమ్మే, మళ్లీ ఆడ ఖాళీ వస్తే అడగమంటావా?"

"చేనెవరు చూస్తారు?"

"రాళ్లే గదా. యాడికీ పోవు."

చౌడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే అడుగు. దౌలతు ఇంటికి ఈ పక్క ఆ నాంచారమ్మ ఉండాది. ఆ పక్కిల్లు ఎవరిదో కనుక్కోని, ఆ ఇల్లే కావాల్నని గట్టిగా అడుగు."