నిండు సీసా

ఎండలో సైకిల్ తొక్కేవాళ్ళు ఎలా జాగ్రత్తపడాలో మా మందిరంలో మైకు పట్టుకుని చెప్పింది నేనే. కిందటి ఆదివారమే. నర్సుని కదా, పాస్టరయ్యగారు నన్నే పిలిచారు. "వచ్చేవారం పర్యావరణ ఆదివారం. అందరం సైకిళ్ళ మీద ఆరాధనకి వద్దాం. సరళకుమారి సిస్టర్ నాలుగు మాటలు చెబుతారు" అన్నారు. మైకు దొరికాక నాలుగుతో ఆగుతానా? మెడకి తడిగుడ్డ చుట్టుకోమన్నాను, లేతరంగు నూలుబట్టలు వేసుకోమన్నాను, కళ్ళు తిరిగితే పంతానికి పోకుండా నీడన ఆగమన్నాను. "అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళు. దాహం వేసేదాకా చూడకండి. ఎవరి సీసా అయినా నిండుగా ఇంటికొచ్చిందంటే నా మాట విననట్టే" అన్నాను. అందరూ నవ్వారు. ముందు వరసలో మా ఆయన జాన్‌బాబు కాస్త గర్వంగానే కూర్చున్నాడు.

ఈ ఆదివారం పొద్దున్నే చల్లపూట మునిర్కాలో మా ఇంటి నుంచి కరోల్ బాగ్‌లో మందిరం దాకా హాయిగానే వెళ్ళాం. ఆయనా, నేనూ, మా అమ్మాయి స్తుతీ, యూత్ లీడర్ ఆస్టిన్, ఇంకొందరు మగవాళ్ళూ. తంటా అంతా తిరిగొచ్చేటప్పుడే. ప్రసంగం సాగింది, ఆ తర్వాత ప్రేమవిందు సాగింది. బయటికొచ్చేసరికి వడగాలి మొహాన కొడుతోంది. సాయంత్రం దాకా ఆగుదామని నేనే అనాలి. అనలేదు. ఆగితే బాత్రూముకి వెళ్ళాల్సొస్తుంది. ఆ తలుపు ముందే మగవాళ్ళు టీ గ్లాసులతో నిలబడి కబుర్లాడుతుంటారు. వాళ్ళని తప్పుకోమని లోపలికి పోవడం నా వల్ల కాదు.

దారిలోనూ అంతే. మగవాళ్ళకైతే రిడ్జ్ రోడ్డు చెట్లన్నీ వాళ్ళవే, మాకేముంది? అందుకని పొద్దుటి నుంచీ చుక్క నీళ్ళు ముట్టలేదు. విందులో మజ్జిగ కూడా వద్దన్నాను. డ్యూటీలోనూ నాకిదే అలవాటు. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కాబట్టి ఈ రోజూ ఏమీ కాదనుకున్నాను.

ధౌలా కువా దగ్గరికి వచ్చేసరికి చెవుల్లో హోరు మొదలైంది. ఫ్లైఓవర్ నీడలోకి వెళ్ళాక ఆగుదామనుకున్నాను. ఆ నీడ చేరేలోపే సైకిల్‌తో సహా పడ్డాను.

కళ్ళు తెరిచేసరికి నీడలో ఉన్నాను. మా ఆయన నా మెడకి తడిగుడ్డ అద్దుతున్నాడు. నా నోట్లో నీళ్ళు పొయ్యడానికి ఆస్టిన్ నా సైకిల్‌కున్న సీసా తీశాడు.

"ఇదేంటి ఆంటీ, మూత కూడా తియ్యలేదు?"

అందరూ ఆ సీసా వంక చూశారు. నిండుగా ఉంది.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ పని" అన్నాడు మా ఆయన. భయం తీరినందుకు నవ్వుతున్నాడు. "మైకులో అంత చెప్పి, నువ్వు తాగలేదేంటి సరళా?"

"మర్చిపోయాను" అన్నాను.

నర్సు, నీళ్ళు మర్చిపోవడం. పడినందుకు సిగ్గు, అబద్ధమాడినందుకు ఇంకా సిగ్గు. నిజం చెప్పొచ్చు. కానీ ఇంతమంది మగవాళ్ళ ముందు ఆ మాట నోటికి రాదు. తల దించుకుని రెండు గుక్కలు తాగాను.

ఆస్టిన్ ఆటో పిలిచి నన్నూ స్తుతినీ ఎక్కించాడు. మా సైకిళ్ళని మిగతావాళ్ళు నడిపించుకొస్తామన్నారు. మా ఆయనా ఆస్టినూ వాళ్ళ సైకిళ్ళ మీద ఆటో వెనకే బయల్దేరారు. ఆటో కదలగానే స్తుతి నా భుజం మీద తల వాల్చింది. ఆ నుదురు కాలిపోతోంది, పెదాలు ఎండిపోయాయి. దాని బ్యాగులోంచి సీసా తీశాను. అదీ నిండుగానే ఉంది.

"నువ్వెందుకు తాగలేదే?"

నేను తెలుగులో అడిగితే అది హిందీలోనే చెబుతుంది. "రాస్తే మే జానా పడ్‌తా తో? ఆప్ భీ తో నహీ పీతీ" అంది. దారిలో వెళ్ళాల్సొస్తే ఎలా, నువ్వూ తాగవుగా అని.

మైకులో చెప్పింది దాని చెవికెక్కనే లేదు. నేను చేసేది చూసి నేర్చుకుంది.

"తాగు" అన్నాను. నా మొహం చూసింది గానీ తాగలేదు. నా సీసాలో మిగిలిన వేడినీళ్ళు గటగటా తాగి చూపించాను. అప్పుడు తాగింది.

"భయ్యా, పెట్రోల్ పంప్ పే రోక్‌నా" అని ఆటోవాణ్ణి ఆపమన్నాను.

పంపు దగ్గర స్కూటర్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మీద అందరూ మగవాళ్ళే. స్తుతితో ఆటో దిగి, పెట్రోలు కొట్టే అతణ్ణి పైకే అడిగాను, "లేడీస్ టాయిలెట్ కిధర్ హై?" తాళం వేసి ఉందన్నాడు. చాబీ ఇవ్వమన్నాను. అతను దానికోసం లోపలికి వెళ్ళాడు. ఈలోగా మా ఆయనా ఆస్టినూ సైకిళ్ళ మీద వచ్చేశారు.

"మళ్ళీ ఏమైంది సరళా?"

"బాత్రూముకి. పొద్దుటి నుంచీ నీళ్ళు తాగనిది ఇందుకే. మర్చిపోయి కాదు."

చెవులు భగ్గుమన్నాయి. మా ఆయన సైకిల్ దిగాడు. ఆస్టిన్ సైకిల్ గంట వైపు చూస్తూ నిలబడ్డాడు.

స్తుతి తల దించుకుంది. నేనలా మాట్లాడినందుకు దానికి సిగ్గేసింది. అలా తల దించుకోవడం ఎవరి దగ్గర నేర్చిందో నాకు తెలుసు. అతను తెచ్చిన తాళంచెవి తీసుకుని, దాని చెయ్యి పట్టుకుని నడిచాను.