ఒక్క సీటు కారు

కొండలరావు రోజూ టీ తాగకముందే కారు తుడుస్తాడు. శ్రీహరిపురంలో కారున్న వాళ్లెవరికైనా అది తప్పదు. పోర్టు వైపు నించి వచ్చే బొగ్గు నుసి తెల్లారేసరికల్లా తెల్ల కారుని బూడిదరంగు చేసేస్తుంది. పొడిగుడ్డ పెడితే గీతలు పడతాయని ముందు రెండు బకెట్ల నీళ్లు పోసి, తర్వాత తడిగుడ్డతో ముందద్దం దగ్గర మొదలుపెట్టి వెనక డోరు దాకా వస్తాడు. ఏడు సీట్ల కారు. పావుగంట పని.

ఆ బుధవారం పది నిమిషాల్లో అయిపోయింది.

గుడ్డ పట్టుకుని వెనక్కి వెళ్లి చూశాడు. వెనక వరస సీట్లు లేవు. ఎవరో పీకేసినట్టు కాదు. ఆ కారు పుట్టడమే ఐదు సీట్లతో పుట్టినట్టు వెనక డోరు ముందుకు జరిగి నున్నగా అతుక్కుని ఉంది. రంగు అదే, నంబరు అదే, తగరపువలసలో ఎవరిదో బండి తగిలి పడ్డ సొట్ట కూడా అదే.

"రేటు పెరిగినట్టుంది బావా," అన్నాడు పక్క షెడ్డులోంచి నిసార్, పళ్లు తోముకుంటూ. నిసార్ మెకానిక్. పట్నంలో పాత ఊరు అనే పేట నించి పదేళ్ల కిందట ఇక్కడికొచ్చి షెడ్డు పెట్టుకున్నాడు. "మా బామ్మర్ది కారు నిన్ననే మూరెడు తగ్గింది. ఫోను సూసుకో, మెసేజ్ వచ్చుంటాది."

వచ్చింది. వడ్డీ రేటు సవరించామనీ, కిస్తీ ఇకనించి పద్నాలుగు వేల మూడొందలు కాదు, పద్నాలుగు వేల ఆరొందల యాభై అనీ, మీ సహకారానికి ధన్యవాదాలనీ ఉంది.

కొండలరావు పోర్టులో ఓడలు ఆగే ఒక ప్రైవేటు బెర్తు మీద క్రేన్ ఆపరేటరు. ఆరడుగుల మనిషి. కారు కొన్నది షోకుకి కాదు. అతని భార్య గంగాభవాని వంట చేసి పరవాడ ఫార్మా కంపెనీల్లో పనిచేసే వాళ్లకి భోజనం క్యారియర్లు పంపుతుంది. మొదట్లో ఆటోలో పంపేది. సగం సంపాదన ఆటోకే పోతోందని ఇద్దరూ లెక్క చూసుకుని కారు కొన్నారు. వెనక సీట్లు మడిస్తే నలభై క్యారియర్లు పడతాయి. అతనికి మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు కాబట్టి పొద్దున్నే తీసుకెళ్లి ఇచ్చేసి వచ్చేవాడు. ఆదివారాలు అవే సీట్లు విప్పితే, మోకాళ్ల నొప్పులున్న తల్లి సీతాల్ని, ఇంటరు చదివే కూతురు ఆశాజ్యోతిని ఎక్కించుకుని ఎక్కడికైనా పోవచ్చు. షోరూములో కుర్చీ వేసి కూర్చోబెట్టిన మనిషి, "ఫ్లోటింగ్ రేటు తీసుకోండి సార్, ముందు ముందు తగ్గొచ్చు కూడా," అన్నాడు. అతను చెప్పిన తగ్గడం ఇదని కొండలరావుకి అప్పుడు తెలీదు.

ఫైనాన్సు కంపెనీ ఆఫీసు గాజువాకలో ఉంది. అక్కడ మేనేజరు జయంత్ అనే కుర్ర వయసాయన. మర్యాదగా మాట్లాడతాడు. కాగితాల కట్ట తీసి పదహారో పేజీ చూపించాడు.

"మీరు సంతకం చేశారండీ. రేటు పెరిగితే కిస్తీ పెరుగుతుంది, బండి తగ్గుతుంది."

"రేటు తగ్గితే బండి పెరుగుతుందా?"

"కిస్తీ తగ్గుతుందండీ. బండి మాత్రం పోయింది పోయినట్టే."

ఇంటికొచ్చి చెబితే గంగాభవాని క్యారియర్లు ముప్పై సర్దింది. మిగిలిన పదింటికి ఆటో పిలిచింది. ఆమె కొండలరావుకి మేనమామ కూతురు. చిన్నప్పట్నించీ బావ అని పిలిచేది, ఇప్పుడూ అదే పిలుపు. బాధ కలిగినప్పుడు ఆమె ఎక్కువ మాట్లాడదు, ఉల్లిపాయలు మరింత సన్నగా తరుగుతుంది. ఆ రోజు ఉల్లిపాయలు కాగితంలా ఉన్నాయి.

రెండు నెలలకి మళ్లీ మెసేజ్ వచ్చింది. కారు నాలుగు సీట్లయింది. సీతాలు తనకి తానే చెప్పింది. "నాను బస్సులో పోతాన్రా ఆస్పత్రికి. నా కోసం కారు తియ్యకు." ఆ తర్వాత మూడు నెలలకి ఇంకొకటి. ఈసారి డ్రైవరూ పక్క సీటూ తప్ప మరేం మిగల్లేదు. ఆశాజ్యోతి కాలేజీకి బస్ పాసు తీసుకుంది. మారినప్పుడల్లా రవాణా ఆఫీసుకి పోయి, ఫీజు కట్టి, ఆర్సీ మీద సీట్ల సంఖ్య దిద్దించుకుని రావాలి. అక్కడి క్యూలో అందరూ అదే పని మీద ఉండేవాళ్లు. ఎవరి కారు ఎంత తగ్గిందో మాట్లాడుకుంటూ నిలబడేవాళ్లు. ఒకాయన తన కారుకి వెనక తలుపులు పోయాయనీ, మామగారు కిటికీలోంచి ఎక్కుతున్నారనీ చెప్పాడు.

క్యారియర్లు పదిహేనుకి దిగాయి. కిస్తీ పదిహేను వేలకి ఎక్కింది.

అదే సమయంలో బెర్తు కాంట్రాక్టు చేతులు మారింది. పాత కాంట్రాక్టరు రెండు నెలల జీతం ఇవ్వకుండా వెళ్లిపోయాడు. కొత్తవాడు, ముందు పని చెయ్యండి, జీతాల సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. కొండలరావు అరవై అడుగుల ఎత్తున క్రేన్ కేబిన్‌లో కూర్చుని, కింద ఓడలోంచి బొగ్గు ఎత్తుతూ కూడా బ్యాంకుల వాళ్లు వడ్డీ రేట్లు తేల్చే మీటింగు ఎన్ని రోజుల్లో ఉందా అని వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు. ఇంటికొస్తే ముందు కారు దగ్గరికి వెళ్లి జానలతో కొలిచేవాడు. పొద్దున లేచి మళ్లీ కొలిచేవాడు. పన్నెండు జానలు, పన్నెండే ఉంది. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్లి కొలిచి వచ్చిన రోజులున్నాయి.

"అది కొలిస్తే ఆగిపోద్దా బావా," అంది గంగాభవాని ఒకసారి.

"ఆగదు. తెలుసు."

"మరేటి?"

"ఊరికే."

డిసెంబరు మీటింగు అయిన మర్నాడు పొద్దున్న కారు ఏడు జానలుంది. ఒక్క సీటు. ముందు రెండు చక్రాలు, వెనక రెండు చక్రాలు, మధ్యలో స్టీరింగు. అటూ ఇటూ చేతులు చాచేంత వెడల్పు కూడా లేదు. కొండలరావు తలుపు తీసి ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పట్టలేదు. వంగాడు, పక్కకి తిరిగాడు, ముడుచుకున్నాడు. మోకాళ్లు స్టీరింగుకి, తల పైకప్పుకి తగిలాయి. నిసార్ వచ్చి సీటు వెనక్కి జరపడానికి చూశాడు. వెనక అనేది ఉంటే కదా జరగడానికి.

అరుగు మీద పదిహేను క్యారియర్లు వరసగా ఉన్నాయి. టైము పది దాటింది.

"ఈయేళకి మానేద్దాం బవానీ," అన్నాడు కొండలరావు.

"పదిహేను మంది అన్నం తినకుండా సూత్తంటారు. ఏటి మానేది?"

గంగాభవాని కొంగు నడుముకి దోపి, కారు దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి. తలుపు తీసి కూర్చుంది. కాళ్లు సరిగ్గా పెడల్స్ మీదకొచ్చాయి. భుజాలకి అటూ ఇటూ బెత్తెడు జాగా మిగిలింది.

"తాళం ఇయ్యి."

"నీకు రాదు గదా."

"నేర్పు."

ఆ రోజుకి నిసార్ తన స్కూటరు మీద రెండు ట్రిప్పులేసి క్యారియర్లు ఇచ్చి వచ్చాడు. ఆ నెలంతా అతనే ఇచ్చాడు. డబ్బులిస్తే పెట్రోలుకి తప్ప తీసుకోలేదు. గంగాభవాని బండి నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్ఎల్ఆర్ తీసుకుంది.

మామూలుగా నేర్పేవాడు పక్కన కూర్చుంటాడు. ఇక్కడ పక్కన లేదు. కాబట్టి మల్కాపురం స్కూలు గ్రౌండులో పొద్దున్నే ఆమె కారు నడుపుతుంటే కొండలరావు కిటికీ పట్టుకుని పక్కనే పరిగెత్తేవాడు.

"క్లచ్ వదులు. మెల్లిగా. మెల్లిగా అంటే మెల్లిగా. ఇప్పుడు రెండో గేరు."

"నువ్వు ముందు కిటికీ వదులు బావా, భయమేత్తంది."

"నాకూ భయమే. నడుపు."

వాకింగుకి వచ్చినవాళ్లు పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్లు. మొదటి వారం గోల్ పోస్టుని రెండుసార్లు గుద్దింది. రెండో వారానికి కొండలరావు పరుగు అందుకోలేకపోయాడు. గ్రౌండు మధ్యలో ఆగి నడుము మీద చేతులు వేసుకుని ఆయాసపడుతూ, ఆమె చుట్టూ తిరుగుతుంటే తనూ అక్కడే గుండ్రంగా తిరుగుతూ చూశాడు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆమె డ్రైవింగు నేర్చుకుంటానని రెండు మూడుసార్లు అడిగిందనీ, నీకెందుకు నానున్నాను గదా అని తను అన్నాడనీ అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట ఆమెతో చెప్పలేదు.

లైసెన్సు వచ్చిన మర్నాడు ఆమె క్యారియర్లు కారు పైన తాళ్లతో కట్టుకుని పరవాడ బయల్దేరింది. అతను ఇంట్లో ఉండలేక షెడ్డులో కూర్చున్నాడు. నిసార్ రెండుసార్లు టీ తెప్పించాడు. రెండూ చల్లారిపోయాయి. లంకెలపాలెం దగ్గర లారీలు ఎప్పుడూ బారులు తీరి ఉంటాయి. ఆ కారు లారీ డ్రైవరు కంటికి ఆనదు. ఫోను చేద్దామంటే, నడుపుతూ ఎత్తుతుందేమోనని భయం.

ఒంటిగంటకి తిరిగొచ్చింది. ఖాళీ క్యారియర్లు దించుతూ మామూలుగానే చెప్పింది. లారీల మధ్య ఆ కారుకి దారి ఎప్పుడూ ఉంటుందట. రెండు లారీల మధ్య సైకిలు పట్టే సందుంటే చాలట. పెద్ద పెద్ద వ్యాన్లు ఆగిపోయిన చోట ఈమె దూరుకుంటూ పోయి పదకొండున్నరకే గేటు ముందు ఉందట.

పది రోజులు అలా చూసిన మీదట ఒక కంపెనీలో క్యాంటీన్ చూసే శ్రీరామ్మూర్తిగారు ఆమెని పిలిచారు. వాళ్లకి భోజనాలు తెచ్చే వ్యాను రోజూ లారీల వెనక ఇరుక్కుని రెండింటికి వస్తోంది. ఆఫీసు స్టాఫు ముప్పై మంది ఆకలితో గొణుగుతున్నారు. "నువ్వు పన్నెండింటికి తేగలవా అమ్మా?" అని అడిగారు. రెండు ట్రిప్పులేస్తే తేగలనంది. కాగితం మీద రాసి స్టాంపు వేసి ఇచ్చారు. డబ్బులు నెలనెలా బ్యాంకులో పడతాయి. ఆమె రెండు గ్యాసు పొయ్యిలు అదనంగా పెట్టింది. సీతాలు కూర్చునే కూరలు తరిగేది.

వేసవి వచ్చింది. ఏప్రిల్లో మళ్లీ మీటింగుందని టీవీలో చెబుతున్నారు. రేటు పెరగొచ్చంటున్నారు.

"ఒక్క సీటు తర్వాత ఏటవుద్ది?" అని అడిగాడు కొండలరావు నిసార్‌ని. అడగకుండా ఉండాల్సింది.

నిసార్ స్పానరు కింద పెట్టాడు. "అక్కిరెడ్డిపాలెంలో ఒకాయనకి స్టీరింగు ఒక్కటే మిగిలింది బావా. సంచిలో ఏసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంకా రెండేళ్ల కిస్తీలు కట్టాలంట."

ఆ వారమంతా కొండలరావుది ఒకటే లెక్క. కారు పోతే క్యాంటీనూ పోతుంది. క్యాంటీన్ పోతే కిస్తీ ఎలా? కిస్తీ పోతే ఇల్లు? అక్కడికొచ్చి ఆలోచన ఆగేది, మళ్లీ మొదటికొచ్చేది. మీటింగుకి నాలుగు రోజులుందనగా ఇద్దరూ కలిసి గాజువాక వెళ్లారు. ఆమె కారులో, అతను బస్సులో.

జయంత్ విన్నాడు. "ఫిక్స్‌డ్ రేటుకి మార్చుకోవచ్చండీ. అక్కడితో బండి తగ్గడం ఆగిపోతుంది. మార్చినందుకు ఫీజు ఉంటుంది. మూడు నెలల స్థిరమైన ఆదాయం చూపించాలి."

కొండలరావు తన జీతం స్లిప్పులు బల్ల మీద పెట్టాడు. ఆఖరి మూడు నెలల్లో రెండింటికి అసలు స్లిప్పే లేదు, మూడోది సగం జీతానికి. జయంత్ వాటిని చూసి, చదును చేసి, మర్యాదగా వెనక్కి జరిపాడు.

గంగాభవాని సంచిలోంచి స్టాంపు వేసిన కాగితం తీసింది. దాని పక్కన బ్యాంకు పుస్తకం పెట్టింది. మూడు నెలలు, మూడు వరసలు.

జయంత్ ఈసారి తీరిగ్గా చదివాడు. "ఇది సరిపోతుందండీ. అయితే లోను మేడం పేరు మీదకి మారాలి. బండి కూడా. ఒక్క సీటు బండి అయితే నడిపే వాళ్ల పేరు మీదే ఉండాలని రవాణా ఆఫీసు రూలు." అని కొండలరావు వైపు చూశాడు. "మీకు అభ్యంతరం లేదు కదా?"

గంగాభవాని అతని వైపు చూడలేదు. బల్ల అంచు మీద గోటితో ఏదో గీస్తోంది. కొండలరావుకి షోరూములో కారుకి దండ వేసి ఫొటో తీసిన రోజు కళ్లముందుకొచ్చింది. తాళం అందుకున్నది తను, పక్కన నిలబడింది ఆమె. దాదాపు ఏడాదిలో మొట్టమొదటిసారి అతని గుండె కొట్టుకోవడం కాస్త నెమ్మదించింది. ఎందుకో అర్థం కాలేదు.

"పెన్నియ్యండి," అన్నాడు.

శుక్రవారం రేటు పెరిగింది. శనివారం వీధిలో రెండు కార్లు చిన్నవయ్యాయి, మూలమీది డాక్టరుగారి కారుకి డిక్కీ పోయింది. గంగాభవాని కారు మాత్రం ఏడు జానలు ఏడు జానలే ఉంది. ఆమె కొలవనివ్వలేదు. అతను ఆమె స్నానానికి వెళ్లినప్పుడు కొలిచాడు.

సోమవారం మధ్యాహ్నం అతను షిఫ్టుకి పోతూ బస్టాపులో నిలబడి ఉన్నాడు. పరవాడ వైపు నించి చిన్న తెల్ల కారు వచ్చి అతని పక్కన ఆగింది. అద్దం కిందకి దిగింది. పెళ్లయిన పంతొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ అతని చెయ్యి తలుపు వైపు వెళ్లింది.

"నీకు సోటు లేదు బావా," అంది గంగాభవాని.

"తెలుసు." చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "ఇంటికేనా?"

"లేదు. శ్రీరామ్మూర్తిగారు పక్క కంపెనీ వాళ్లకి సెప్పారంట. వాళ్ల ఆఫీసు పట్నంలో ఉందంట, మాటాడి వత్తాను. ఆలస్యమైతే అత్తకి అన్నం పెట్టమని జ్యోతికి సెప్పాను."

"జాగర్త."

ఆమె తలూపి గేరు వేసింది. ఎదర రెండు బొగ్గు లారీలు పక్కపక్కన రోడ్డంతా ఆక్రమించుకుని వెళ్తున్నాయి. తనైతే ఎప్పటికీ అటు పోనిచ్చేవాడు కాదు. కారు ఆ రెండింటి మధ్యకి వెళ్లింది. అతను ఊపిరి బిగబట్టి మడమలెత్తి చూశాడు. కారు చాలాసేపు కనిపించలేదు. తర్వాత లారీల అవతల, ఎండలో, ఎవరి కోసమూ ఆగకుండా దూరంగా పోతూ కనిపించింది.

వెనక నించి పోర్టు బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. అతను అటు తిరిగి చూడలేదు.